వెదురు బొంగు - గాలపు కర్ర

సికిందరాబాదు రైలు స్టేషనుకు కూతవేటు దూరంలో రెజిమెంటల్ బజార్ అనే పేట ఉన్నది. పటాలముల కోసం వెలసిన బజారని పేరే చెబుతున్నది. 1798లో నిజాము ప్రభుత్వానికీ ఈస్టిండియా కంపెనీకీ జరిగిన ఒడంబడిక ననుసరించి కంపెనీ సైన్యం హుస్సేన్ సాగరుకు ఉత్తరాన విడిది చేసినది. 1806లో ఆ విడిదికి అప్పటి నిజాము సికందర్ జా పేరు పెట్టినారు. ఆ సైన్యం మద్రాసు సైన్యంలోని భాగం. పటాలం ఎక్కడ దిగితే అక్కడ దాని వెంట ఒక బజారు వెలయడం ఆనాటి పద్ధతి.

పటాలపు జీవనంలో వెదురుకు ఉన్న స్థానం చిన్నది కాదు. బరువులు మోయడానికి కావడి బద్దలు వెదురువి. పందిళ్ళకూ తడికలకూ వెదురే ఆధారం. అన్నిటికన్న ముఖ్యంగా రౌతు చేతి బల్లెపు కర్ర వెదురుది. 1868లో బ్రిటిషు ఆశ్విక దళాలు సైతం తమ దేశపు కొయ్యను విడిచి మన వెదురు కర్రనే బల్లేలకు స్వీకరించినవి. తేలికగా ఉండాలి, వంగాలి, వంగినది మళ్ళీ నిటారుగా నిలవాలి, దెబ్బకు విరగకూడదు. ఈ నాలుగు గుణాలు గల కర్రే రౌతుకు కావలసినది. చెరువు గట్టున కూర్చుండే గాలపు వేటగానికి కావలసినదీ సరిగా అదే. చేప పట్టే కర్రకు బొంగును ఎన్నుకొనే విద్య ఏ విధంగా పెరిగినదో, ఆ విద్యలో మనం సంపాదించినదేమో, పోగొట్టుకొన్నదేమో ఈ ప్రసంగంలో చెప్పుకొందాము.

మన దేశంలో గాలపు వేటను గురించి ఇంగ్లీషులో శాస్త్రీయంగా వ్రాసినవారిలో హెన్రీ సలివన్ థామస్ ముఖ్యుడు. ఆయన మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి, దక్షిణ కన్నడ జిల్లాలో పని చేసినవాడు. 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అనే గ్రంథాన్ని ప్రకటించినాడు. 1887లో ‘ట్యాంక్ ఆంగ్లింగ్ ఇన్ ఇండియా’ అని చెరువుల వేటకే ప్రత్యేకంగా మరొక పుస్తకం వ్రాసినాడు. కొండ వాగుల వేట వేరు, చెరువుల వేట వేరు అని గుర్తించి వ్రాయడమే ఆ రెండవ పుస్తకపు విశేషం. దక్కను చెరువుల సీమ. 1562 నాటి హుస్సేన్ సాగరు మొదలు పల్లెపల్లెకూ ఉన్న కుంట వరకు ఇక్కడి నీరంతా కట్టకు ఆగిన నీరే. అటువంటి నీటికి తగిన కర్ర ఎట్లుండాలనే ప్రశ్న ఇక్కడివారికి సహజమైనది.

మన మేదరులకు తెలిసిన వెదుళ్ళలో రెండు ముఖ్యమైనవి. ఒకటి ముళ్ళ వెదురు. అది లావుగా పెరుగుతుంది, లోపల గుల్లగా ఉంటుంది. నిచ్చెనలకూ వాసాలకూ మంచిది, గాలానికి బరువు. రెండవది సాధన వెదురు. అది సన్నగా, ఇంచుమించు గట్టిగా, లోపల బోలు తక్కువగా ఉంటుంది. లాఠీ, బల్లెపు కర్ర, గాలపు కర్ర దీని నుండి వచ్చినవే. తెల్లవారు దీనినే మగ వెదురు అన్నారు.

అయితే సాధన వెదురైనంత మాత్రాన ప్రతి బొంగూ పనికిరాదు. మొదటి సంవత్సరపు బొంగు లేతది, ఎండితే ముడుతలు పడుతుంది. మూడు సంవత్సరాలు నిండిన బొంగు ముదురుతుంది. వానలు వెళ్ళిన తరువాత, రసం తగ్గిన కాలంలో కొట్టాలి. పిండిపదార్థం ఎక్కువగా ఉన్నప్పుడు కొట్టిన బొంగును పురుగు తొందరగా పట్టి పుచ్చు చేస్తుంది. పొద పూచి గింజ పట్టిన తరువాత బొంగులు చచ్చిపోతాయి కనుక పూచిన పొద జోలికి పోరాదు. కణుపులు ఎడంగా ఉండాలి. వెదురు బలమంతా పై చర్మానికి వెంటనే క్రింద ఉన్న నారలోనే ఉన్నది కనుక నునుపు కోసం ఆ పొరను గీకివేయరాదు. ఈ నియమాలలో ఏ ఒక్కటీ పుస్తకం చూచి పుట్టినది కాదు. బొంగును చేతబట్టి, గోటితో కొట్టి, చప్పుడు వినేవాని అనుభవంలో పుట్టినది.

ఇక సముద్రాల అవతలి కథ. 1840ల దశకంలో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఈస్టన్ పట్టణంలో, శామ్యూల్ ఫిలిప్ అనే తుపాకుల పనివాడు వెదురును బద్దలుగా చీల్చి, జిగురుతో అతికి, గాలపు కర్రలు చేసినాడు. 1870లలో హైరమ్ లెనార్డ్ ఆరు ముక్కోణపు బద్దలను కూర్చే పద్ధతిని స్థిరపరచి, ఆ కోతకు యంత్రాన్ని కూడ అమర్చినాడు. బోలు పోయి, బలమైన నార అంతా పైవైపుకు వచ్చి, కర్ర ఆరు పలకలుగా తయారైనది. ఆ తొలినాళ్ళ కర్రలకు వాడిన బొంగు మన దేశపుది. కలకత్తా రేవు నుండి ఎగుమతి అయినది కనుక దానికి కలకత్తా వెదురు అని పేరు వచ్చినది. అది సాధన వెదురు జాతిదేనని సాధారణంగా చెబుతారు.

కాని ఆ వ్యాపారం నిలువలేదు. కలకత్తా నుండి వచ్చిన బొంగుల మీద కాల్చిన వాతలు ఉండేవి. కొన్నిటిలో పుచ్చు ఉండేది. కట్టలో మంచిదీ చెడ్డదీ కలిసి వచ్చేవి. పనివాడు పది బొంగులు చీలిస్తే పనికివచ్చే బద్దలు కొన్నే. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలకు చైనా వెదురు ఆ స్థానాన్ని ఆక్రమించినది. దానికి టాంకిన్ అని పేరు. నిజానికి అది పెరిగేది టాంకిన్ సీమలో కాదు, దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో. 1931లో మెక్‌క్లూర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దానికి శాస్త్రీయ నామం పెట్టినాడు. అక్కడివారు బొంగులను ఏటిలో తెచ్చి, ఇసుకతో తోమి, ఎండబెట్టి, సెగ చూపి వంకరలు తీసి, లావును బట్టి ఏరి కట్టలు కట్టేవారు. ఆ వెదురులో నార దట్టమైన మాట నిజమే. కాని దానిని ఏరిన చేతుల శ్రద్ధ కూడ ఆ గెలుపులో సగపాలు పంచుకొన్నది. మన బొంగు ఓడినది అడవిలో మాత్రమే కాదు, ఏరుబాటులో కూడ.

1950లో అమెరికా ప్రభుత్వం చైనా సరుకుల మీద నిషేధం విధించినప్పుడు ఆ దారి కూడ మూసుకొన్నది. అప్పటికే 1940లలో గాజునారతో చేసిన బోలు కర్ర వచ్చి ఉన్నది. 1960లలో ఇంగ్లాండులోని ఫార్న్‌బరోలో బలమైన కార్బన్ నార తయారైనది. తరువాతి దశాబ్దంలో కార్బన్ కర్రలు అంగళ్ళకు వచ్చినవి. కోసుగా చెక్కిన ఉక్కు కడ్డీ చుట్టూ నారపొరను చుట్టి, వేడిచేసి, కడ్డీని లాగివేస్తే మిగిలే గొట్టమే నేటి ముడి కర్ర. దీనికి పిడి, తీగచుట్టు పీట, ఉంగరాలు బిగించుకొనే పని కొన్నవానిది. దానినే బ్లాంక్ అంటారు.

వస్తువు మారినది కాని అడుగవలసిన ప్రశ్నలు మారలేదు. ముందుగా చేపను బట్టి కర్ర. తూటికాడల నడుమ దాగే కొరమీనును పట్టినవెంటనే బయటికి లాగాలి, దానికి మొదలు బిరుసైనది కావాలి. నడినీటిలో పరుగు తీసే బొచ్చెకూ రోహుకూ నడిమి వరకు వంగి పోటును ఓర్చుకొనే కర్ర మేలు. కర్ర మీద అచ్చువేసిన బరువును చూచి, మనం వేసే ఎరకూ బెండుకూ అది సరిపోవునో లేదో తేల్చుకోవాలి. ఒక కంటితో కర్ర వెంట చూచి వంకర కనిపెట్టాలి. మొదలును నేలకు ఆనించి, కొనను ఒక చేత పట్టుకొని, నడుమను మరొక అరచేతితో కొద్దిగా వంచి దొర్లిస్తే, కర్ర ఒకచోట తటాలున తిరిగి నిలుస్తుంది. అదే దాని వెన్ను. ఉంగరాలు బిగించేముందు వెన్ను ఎటున్నదో గుర్తుపెట్టుకోవాలి. మేదరి బొంగును దొర్లించి, దాని సహజమైన వంపు ఎటున్నదో చూచేవాడు. పరీక్ష ఒక్కటే.

మన అడవుల వెదురు తరువాత ఏమైనదో చూచితే ఈ కథకు అర్థం తెలుస్తుంది. 1938లో ఏర్పడిన సిర్పూరు కాగితపు మిల్లుకు ఆదిలాబాదు అడవుల వెదురు ముడిసరుకైనది. కాగితం మనకు కావలసినదే, ఆ మిల్లు వేలమందికి అన్నం పెట్టినదే. అయితే గుజ్జుగా మారే బొంగును ఎవరూ ఏరరు. లేతదీ ముదురుదీ, పుచ్చినదీ మంచిదీ ఒకే తూకానికి పోతాయి. తూకం వచ్చినచోట ఏరుబాటు పోయినది. ఏరుబాటు పోయినచోట మేదరి కన్నుకు ధర పోయినది. కలకత్తా కట్టల మీది వాతలు మనకు చెప్పిన పాఠమే ఇక్కడ రెండవసారి వినబడుతున్నది.

రెజిమెంటల్ బజార్‌లో నేడు పటాలపు సందడి లేదు, రైలు ప్రయాణికుల సందడి ఉన్నది. అయినా గాలపు కర్ర చేసుకోవాలనే ఉత్సాహం గల కుర్రవాడు మీ ఇంట ఉంటే, కార్బన్ గొట్టానికి డబ్బు పెట్టేముందు ఒకసారి వానిని మేదరివారి దగ్గరకు తీసుకొని వెళ్ళండి. నాలుగు సాధన బొంగులు చేతికిచ్చి, వీటిలో ఒకటి ఏరమనండి. ఎందుకు ఏరినాడో చెప్పమనండి. ఆ తరువాత మేదరి ఏది ఏరుతాడో చూడమనండి. ఆ రెండింటికీ ఉన్న తేడా తెలిసిననాడు వానికి ఏ కర్రనైనా ఎన్నుకోవడం వచ్చినట్లే.