తెల్లని ఆకాశం, నల్లని ఆకాశం: ఛాయాచిత్రాన్ని ఆధారంగా చదవడం

శాసనాన్ని చదివేటప్పుడు మీరు దాని లిపిని, కాలాన్ని పరిశీలిస్తారు. ఛాయాచిత్రం దగ్గరకు వచ్చేసరికి ఆ జాగ్రత్త సడలుతుంది. కెమెరా ఉన్నది ఉన్నట్లు చూపుతుందన్న నమ్మకమే ఇందుకు కారణం.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఉన్న యోసెమిటీ లోయనే ఉదాహరణగా తీసుకోండి. 1861లో కార్ల్‌టన్ వాట్కిన్స్ తీసిన చిత్రాల్లో ఆకాశం తెల్లగా, బోసిగా ఉంటుంది. 1927లో ఆన్సెల్ ఆడమ్స్ అక్కడి హాఫ్ డోమ్ శిఖరాన్ని తీసిన చిత్రంలో అది దాదాపు నల్లగా ఉంటుంది. ఈ రెండు ఆకాశాలూ మన కంటికి కనిపించేవి కావు.

వాట్కిన్స్ వాడినది తడి కొలోడియన్ పద్ధతి. 18×22 అంగుళాల గాజు పలకకు అక్కడికక్కడే రసాయనం పూసి, అది ఆరకముందే చిత్రం తీసి, వెంటనే డెవలప్ చేయాలి. ఆ పూత ప్రధానంగా నీలికాంతికే స్పందిస్తుంది. అందువల్ల నీలాకాశం నెగటివ్‌పై దట్టంగా పడి, ప్రింటులో తెల్లబోతుంది. ఇందులో ఆయన ఇష్టాయిష్టాల ప్రమేయం తక్కువ. 1864లో లింకన్ సంతకం చేసిన యోసెమిటీ పరిరక్షణ చట్టం వెనుక ఈ చిత్రాల ప్రభావం ఉందని చాలామంది చరిత్రకారులు భావిస్తారు.

ఆడమ్స్ నాటికి అన్ని రంగులకూ స్పందించే పాంక్రోమాటిక్ ప్లేట్లు వచ్చాయి. కొండెక్కి వెళ్లిన ఆయన వద్ద చివరికి రెండు ప్లేట్లే మిగిలాయి. మొదటిదాన్ని పసుపు ఫిల్టరుతో తీశారు. ఆ శిఖరం తన మనసులో కలిగించిన గంభీరత అందులో రాదని వెంటనే గ్రహించి, రెండవదానికి ముదురు ఎరుపు ఫిల్టరు పెట్టారు. ఎరుపు గాజు నీలికాంతిని అడ్డుకుంటుంది కనుక ఆకాశం నల్లబడింది. ఇక్కడి నలుపు ఛాయాగ్రాహకుని నిర్ణయం. తీయకముందే ప్రింటును ఊహించే ఈ అలవాటే, 1940 ప్రాంతంలో ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి ఆయన రూపొందించిన జోన్ సిస్టమ్‌కు పునాది. నలుపు నుంచి తెలుపు దాకా ఛాయలను అంచెలుగా విభజించి, ఎక్స్‌పోజరును, డెవలపింగును ముందే లెక్కకట్టే విధానమది.

నిర్ణయాలు అక్కడితో ఆగవు. న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామంపై చంద్రోదయాన్ని ఆడమ్స్ 1941లో తీశారు. దానిని అధ్యయనం చేసేటప్పుడు ప్రింటు ఏ కాలానిదో తప్పక చూడండి. తొలి ప్రింట్లలో ఆకాశాన పలుచని మబ్బులు కనిపిస్తాయి. తరువాతి దశాబ్దాల్లో అదే నెగటివ్ నుంచి ఆయనే వేసిన ప్రింట్లలో అవి నలుపులో కలిసిపోయాయి.