వర్ణన, కారణం: డార్సీ థాంప్సన్ ఆకృతి విచారం – ఒక పరిశీలన

జీవుల ఆకృతిని గణితభాషలో వర్ణించడం వేరు, ఆ ఆకృతి ఏర్పడిన కారణాన్ని నిరూపించడం వేరు. ఈ భేదం ఎంత కీలకమైనదో స్కాట్లాండ్‌కు చెందిన జీవశాస్త్రవేత్త డార్సీ వెంట్‌వర్త్ థాంప్సన్ (1860-1948) రచించిన 'ఆన్ గ్రోత్ అండ్ ఫామ్' (1917) ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విచారానికి పూర్వరంగం గెలీలియోలో ఉంది. పెద్ద జంతువు ఎముక చిన్న జంతువు ఎముకకు కేవలం పెంచిన నమూనా కాజాలదని ఆయన 1638లో వెలువడిన గ్రంథంలో వివరించాడు. శరీరపు కొలతలన్నీ రెట్టింపైతే బరువు 8 రెట్లవుతుంది. దానిని మోసే ఎముక అడ్డుకోత వైశాల్యం మాత్రం 4 రెట్లే అవుతుంది. అందువల్ల భారీ జంతువుల కాళ్ళు స్తంభాల వలె లావుగా ఉండక తప్పదు.

థాంప్సన్ కాలంలో జీవశాస్త్రజ్ఞులు అవయవాలను ప్రధానంగా వాటి ప్రయోజనం, వంశక్రమం దృష్ట్యా వివరించేవారు. ఆయన మాత్రం ఒక రూపాన్ని ఆ విధంగా నిలిపిన భౌతికబలాలు ఏవని ప్రశ్నించాడు. నాటిలస్ గుల్ల అంచున కొత్త భాగం ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో చేరుతుంది. కనుక పరిమాణం పెరిగినా ఆకారం మారదు, సమకోణ సర్పిలం ఏర్పడుతుంది. ఇక్కడ వృద్ధి క్రమమే రూపానికి వివరణ.

గ్రంథం చివర ఆయన డయోడాన్ అనే చేప బొమ్మపై గళ్ళు గీసి, ఆ గీతలను ఒక క్రమంలో వంచి సన్‌ఫిష్ రూపాన్ని రాబట్టాడు. ఈ పద్ధతి రెండు రూపాల సంబంధాన్ని స్పష్టంగా చూపింది. అయితే పిండదశలో ఆ భేదాన్ని కలిగించే ప్రక్రియ ఏదో చూపలేదు. నాటిలస్ విషయంలో లభించిన వివరణ ఇక్కడ లభించలేదు. లభించింది వర్ణన మాత్రమే. 1942 నాటి విస్తృత కూర్పులో సైతం జన్యుశాస్త్రానికి తగిన స్థానం దక్కలేదు.

ఈ వెలితిని గణితంతోనే పూరించడానికి యత్నించినవాడు అలాన్ ట్యూరింగ్. పరస్పరం చర్య జరిపే రెండు రసాయనాలు వేర్వేరు వేగాలతో వ్యాపించినప్పుడు, తొలుత ఏకరీతిగా ఉన్న కణజాలంలో మచ్చల వంటి అమరికలు ఏర్పడగలవని 1952లో ప్రతిపాదించాడు. ఆ వ్యాసపు కొద్దిపాటి ఆధారగ్రంథాలలో థాంప్సన్ గ్రంథం ఒకటి. తన నమూనా వాస్తవానికి సరళీకరణేనని ట్యూరింగ్ స్వయంగా అంగీకరించాడు.

కాబట్టి థాంప్సన్‌ను ప్రకృతివరణ సిద్ధాంతాన్ని తోసిపుచ్చినవాడిగా కీర్తించడం గాని, కాలం చెల్లినవాడిగా విస్మరించడం గాని సమంజసం కాదు. ఏ రూపాలు సాధ్యమో భౌతికబలాలు నిర్ణయిస్తాయి. వాటిలో ఏవి మనుగడ సాగిస్తాయో వరణం నిర్ణయిస్తుంది. మొదటి ప్రశ్నను జీవశాస్త్రం మరువకుండా చేయడమే ఆయన గ్రంథం సాధించిన ప్రయోజనం.