మెల్లకన్ను శస్త్రచికిత్స: కోత నుండి కుట్టు వరకు
18వ శతాబ్దంలో ఐరోపా అంతటా సంచరించిన జాన్ టేలర్ మెల్లకన్నును సరిచేస్తానని చాటుకొనేవాడు. మంచి కన్నుకు కట్టు కడితే మెల్లకన్ను తిన్నగా చూసేది. కట్టు విప్పేనాటికి వైద్యుడు ఊరు దాటేవాడు!

అసలైన శస్త్రచికిత్సకు 1839 అక్టోబరు 26న బెర్లిన్‌లో డీఫెన్‌బాఖ్ నాంది పలికాడు. మత్తుమందు ఇంకా వాడుకలోకి రాని ఆ కాలంలో, ఏడేళ్ళ బాలునికి లోపలికి తిరిగిన కంటి ముక్కువైపు కండరాన్ని కోసి, చూపును తిన్నగా నిలిపాడు. అయితే తెగిన కండరం వెనుకకు జారి ఎక్కడ అతుక్కొంటుందన్నది వైద్యుని చేతిలో లేదు. పలువురిలో కన్ను వెలుపలికి తిరిగిపోయింది; ఇది మునుపటి మెల్లకంటె వికారం. తరువాత ఫాన్ గ్రేఫే కండరాన్ని విడిచి స్నాయువును మాత్రమే కోశాడు. కండరాన్ని కొలిచి వెనుకకు జరిపి, తెల్లగుడ్డుకే కుట్టే పద్ధతిని జేమ్సన్ 1922లో ప్రకటించాడు.