ద్వీపాల బడిలో బొమ్మల తోట

కూరగాయలను, పండ్లను బొమ్మల ద్వారా పసివాళ్లకు పరిచయం చేసే పద్ధతి ఐరోపాలో 1658లో కొమేనియస్ వెలువరించిన సచిత్ర పాఠ్యగ్రంథం నాటికే ఉంది. తర్వాత కిండర్‌గార్టెన్ బడులకు ఆద్యుడైన ఫ్రోబెల్ ఒక్కో బిడ్డకు ఒక్కో మడి కేటాయించి, పుస్తకంలోని తోటను పెరట్లోకి తెచ్చాడు. అండమాన్ నికోబార్‌లో మాత్రం తోట చదువులో భాగం కాకముందు చాలాకాలం ప్రాణావసరంగానే ఉండిపోయింది.

1858లో బ్రిటిష్ ప్రభుత్వం ఖైదీల స్థావరం నెలకొల్పి, వారిచేతనే అడవి నరికించింది. 1942లో జపాను సైన్యం దీవులను ఆక్రమించాక బయటినుంచి సరుకు రావడం నిలిచిపోయి, ఆకలి ఎంత ముదిరిందంటే 1945 ఆగస్టులో సేద్యం పేరుతో వందలాది జనాన్ని నిర్జనమైన హ్యావ్‌లాక్ దీవి వైపు తరలించగా వారిలో బతికి బయటపడ్డవారు బహు కొద్దిమంది. ఆ సైన్యమే ఆహారం కోసం తెచ్చిందని చెప్పే ఆఫ్రికా రాక్షసి నత్త ఇప్పటికీ అక్కడి పెరటి మొక్కలను మేసేస్తోంది. ఆ 1945లోనే అమెరికాలో రూత్ క్రాస్ రాయగా క్రాకెట్ జాన్సన్ బొమ్మలు వేసిన ‘ది క్యారట్ సీడ్’ అనే పిల్లల పుస్తకంలో విత్తు నాటిన పిల్లవాడికి ఇంట్లోవాళ్ల అపనమ్మకమే అడ్డంకి తప్ప నత్తల బెడద లేదు.

స్వాతంత్ర్యానంతరం దీవుల్లో పెరిగిన జనాభాలో, 2011 జనగణన ప్రకారం సుమారు 13 శాతం తెలుగు మాతృభాషగా గలవారు. వారిలో ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లిన మత్స్యకార కుటుంబాలు గణనీయం. దీవుల పాఠశాలలు కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి, అంటే సీబీఎస్ఈ, పరిధిలో ఉన్నందున అక్కడి పిల్లల చేతికి తోట బొమ్మలు అందించిన ప్రధాన పుస్తకం ఎన్‌సీఈఆర్‌టీ ప్రచురించిన ‘లుకింగ్ అరౌండ్’ అనే పరిసరాల విజ్ఞానమే. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రాన్ని అనుసరించి వచ్చిన ఈ పుస్తకాల నాలుగో తరగతి భాగంలో అబ్దుల్ అనే పిల్లవాడు తోటలో గడ్డి పీకుతూ, పైకి చిన్నగా కనబడే మొక్కకు అంత పొడవైన వేరెందుకని ఆశ్చర్యపోతాడు.

ఐదో తరగతి పుస్తకం ఏకంగా గోదావరి సీమలోని ఆత్రేయపురానికి తీసుకుపోతుంది. పూతరేకులకు పేరుపడ్డ ఆ ఊరినుంచి పాఠ రచయితలు ఎంచుకున్నది మామిడితాండ్ర: బాగా పండిన పళ్ల రసాన్ని పలుచటి గుడ్డలో వడకట్టి పీచు తీసేసి, బెల్లం, చక్కెర సమపాళ్లలో కలిపి, సరుగుడు కర్రల మంచెపై పరిచిన చాపమీద పలుచగా పూసి, రాత్రి చీర కప్పి, మర్నాడు ఆరిన పొరమీద మరో పొర పోస్తూ నాలుగు వారాలు గడిపే విధానాన్ని చిట్టిబాబు, చినబాబు అనే అన్నదమ్ముల కథగా మలిచారు. ఆహారాన్ని నిల్వ చేయడమెందుకో ఉపన్యాసం లేకుండానే పిల్లలకు బోధపడుతుంది. తర్వాతి పాఠంలో మూడు గిన్నెల్లో శనగలు వేసి, ఒకదాన్ని నీటితో నింపి, రెండోదాంట్లో తడిగుడ్డ పెట్టి, మూడోదాన్ని పొడిగా ఉంచి, మొలక ఎక్కడొస్తుందో చూడమంటారు. ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే దీవుల్లో, నీరు మితిమీరితే విత్తు కుళ్లుతుందన్న సంగతి పిల్లలకు పెరట్లోనే తెలిసివస్తుంది.

అయితే నికోబారీల ప్రధానాహారమైన మొగలి జాతి పండుకు కూడా తాండ్ర పాఠమంతటి చోటు దక్కవలసింది. దాన్ని గంటల తరబడి ఉడికించి, గుజ్జు గీకి, పీచు తీసే పని ఆత్రేయపురం వడపోతకు దగ్గరి చుట్టమే. ఆ చోటు ఇక కొత్త పుస్తకంలోనే దక్కాలి: 2024 నుంచి తరగతులవారీగా ‘లుకింగ్ అరౌండ్’ స్థానంలోకి ‘అవర్ వండ్రస్ వరల్డ్’ వచ్చి చేరింది.