ఇంటిలోనికి వచ్చిన అడవిపువ్వు

ఒకనాడు మా కేంద్రమునకు వచ్చిన అతిథికి ఇచ్చిన పూలగుచ్ఛములో, గులాబీల సందున, పసుపుపచ్చని కంకివంటి పువ్వొకటి కనబడినది. గుచ్ఛము తెచ్చిన కుఱ్ఱవానిని పేరడిగితిమి. “పసుపుపువ్వండి” అనెను. ఆంగ్లమున దానిని గోల్డెన్‌రాడ్ అందురు. బంగారుబెత్తమని మనము చెప్పుకొనవచ్చును. ఇది బంతి, చేమంతుల కుటుంబములోనిదే. మన గుమ్మములకు తోరణమగు ఆ బంతియు అమెరికా ఖండమునుండి వచ్చినదేనన్న సంగతి మనము ఏనాడో మరచితిమి.

ఐరోపాలో ఈ మొక్క మొదట ఇంటికి వచ్చినది అలంకారమునకు గాదు, వైద్యమునకు. 1753లో లిన్నేయస్ స్థిరపరచిన సాలిడాగో అను శాస్త్రనామము, గాయము నతుకుట యను అర్థముగల లాటిను మాటనుండి పుట్టినది. జాన్ జెరార్డు 1597లో ప్రకటించిన మూలికల గ్రంథమున ఒక ముచ్చట కలదు. సముద్రము దాటి వచ్చిన ఈ ఎండుమూలికను లండనులోని బక్లర్స్‌బరీ వీథిలో ఔన్సు రెండున్నర షిల్లింగులకు అమ్ముట ఆయన ఎరుగును. అదే మొక్క ఊరిచివర హాంప్‌స్టెడ్ అడవిలో కనబడినది మొదలు, 112 పౌనుల మోపునకైనను ఆ ధర ఇచ్చువాడు లేకపోయెనట! పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదను మన సామెత లండనులోను చెల్లినదన్నమాట.

ఈ జాతులలో అధికభాగమునకు పుట్టినిల్లు ఉత్తర అమెరికా. అందు కెనడా జాతిని 17వ శతాబ్దిలోనే ఇంగ్లండు తోటలకు తెచ్చి శోభకై పెంచిరి. పుట్టినచోట మాత్రము అది బీళ్లలోని పిచ్చిమొక్క. అయినను అచ్చటి గృహిణులు దానితో నూలుకు పసుపురంగు వేసిరి; 1773లో బోస్టను రేవున తేయాకును సముద్రము పాలుచేసిన పిమ్మట, సువాసనగల ఒక జాతి ఆకులను కాచి తేనీటికి మారుగా త్రాగిరి. 1895లో నెబ్రాస్కా రాష్ట్రము దీనిని తన పుష్పముగా స్వీకరించినది.

ఇంటి అలంకరణకు దీనిని ఎండబెట్టుటలో ఒక మెలకువ కలదు. సగము విచ్చినపుడే కోసి, చీకటిగదిలో తలక్రిందులుగా వ్రేలాడదీసినచో రంగు నిలుచును. పూర్తిగా విచ్చినదానిని కోసినచో దూదివలె విడిపోయి గదియంతయు రేగును. మంచుకాలమున తోటలో పువ్వు దొరకని ఇండ్లకు ఈ ఎండుగుత్తులే శోభ.

ఇంతలో దీనిపై ఒక నింద పడినది. శరత్కాలపు తుమ్ములకు, కంటినీటికి ఇదియే కారణమని పలువురు దీనిని గడప త్రొక్కనీయరైరి. నిజమునకు దోషి రాగ్‌వీడ్ అను మరియొక మొక్క. దాని పూలు పచ్చగా, చిన్నవై, ఎవరి కంటను పడవు. పుప్పొడి గాలిలో మైళ్లకొలది పోవును. గోల్డెన్‌రాడ్ పుప్పొడి బరువైనది, జిగటది. తేనెటీగలు మోయవలసినదే గాని గాలికి ఎగురునది గాదు. రెండును ఒకే ఋతువున పూచుటచే, కంటికి కనబడినదానికే శిక్ష పడినది. ఇది అన్యాయమని మా అభిప్రాయము.

చైనాలో మోపబడిన నేరము మాత్రము నిజమే. 1935లో అలంకారమునకై అచ్చటికి తెచ్చిన కెనడా జాతి తోటగోడలు దాటినది. ఒక్క మొక్క 10,000కు మించిన గింజలను గాలికి విడుచును. భూమిలో ప్రాకు కాండములచే పొరుగు మొక్కలను త్రోసివేయును. 2010లో ఆ ప్రభుత్వము దానిని హానికర విదేశీజాతుల పట్టికలో చేర్చినది. ఒకప్పుడు కుండీలలో నిలిపిన ఆ పువ్వునే ఇపుడు గింజపట్టక మునుపు పెకలించి, కుప్పవేసి కాల్చుచున్నారు.