చిలుకపచ్చ, చిలుకనీలము: పంజరపు చిలుకల వర్ణభేద చరిత్ర

తెలుగుభాషలో పక్షి పేరిట వెలసిన వర్ణనామములు కొన్ని కలవు. వానిలో చిలుకపచ్చ మిక్కిలి వాడుకలో నున్నది. పట్టుచీరకును వరిమడికిని ఈ మాట సమానముగా చెల్లుచున్నది. చిలుక యనినంతనే పచ్చదనము స్ఫురించు భాష మనది. అట్టియెడ నీలిచిలుక, పసుపుచిలుక, తెల్లచిలుక యనునవి పంజరములలో విరివిగా కానవచ్చుటకు మూలమైన చరిత్ర విచారింపదగినది. బెంగళూరునకు దక్షిణమున హోసూరు బాటపై, ఆనేకల్లు తాలూకాలో నున్న చందాపురము వంటి ఊళ్లలో తెలుగు, కన్నడము, తమిళము ఒకే వీధిలో వినవచ్చును. అచ్చటి తెలుగు బాలుడు మొదట చూచిన చిలుక నీలిదే యైనచో, చిలుకపచ్చ యను మాటకు అర్థము వానికి పుస్తకము చూపి నేర్పవలసి వచ్చును.

మన పూర్వులు చిలుకను పెంచినది పలుకు కొరకే గాని రంగు కొరకు గాదు. పాలవేకరి కదిరీపతి శుకసప్తతిలోని చిలుక కథపై కథ చెప్పి గృహిణిని గడప దాటనీయదు. క్రీస్తునకు పూర్వము అయిదవ శతాబ్ది చివర పారసీక రాజాస్థానమున వైద్యుడుగా నుండిన క్టెసియస్ అను గ్రీకువాడు సయితము, భారతదేశపు చిలుక ఇచ్చటి భాష మాటాడుననియు, నేర్పినచో గ్రీకుభాషయు మాటాడుననియు వ్రాసి అచ్చెరువందెను. రంగుల కొరకు జత కూర్చు విద్య మన దేశమున లేకపోలేదు. అబుల్ ఫజలు ఐనీ అక్బరీలో అక్బరు పాదుషా పావురముల వన్నెలను గూర్చి సవిస్తరముగా వ్రాసియున్నాడు. చిలుకల విషయమున మాత్రము పంచవన్నెల రామచిలుక జానపదుల కథలలోనే ఎగురుచుండెను.

ఆ కోరిక తీరినది మన రామచిలుకతో గాదు, ఆస్ట్రేలియా దేశపు చిన్నచిలుకతో. దాని పేరు బడ్జరిగారు. మన అంగళ్లలో దానినే లవ్ బర్డ్సు అందురు. నిజమునకు ఆ పేరు ఆఫ్రికా దేశపు వేరొక చిలుకది. 1840లో జాన్ గూల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు వీనిని సజీవముగా ఇంగ్లాండునకు తెచ్చెను. అడవిలో ఇవి పచ్చనివే. 1870 దశకమున ఐరోపాలో పసుపు పిట్టలును, 1880 ప్రాంతమున బెల్జియములో నీలిపిట్టలును పొడసూపెను. 1910లో లండనులో నీలిపిట్టలను ప్రదర్శింపగా జనులు విస్తుపోయిరి. 1920 దశకమున జపానులో వీనిపై వెర్రి పుట్టి వెలలు ఆకాశమునంటెను; పిదప ఆ బేరము కుప్పగూలెను. 1925లో ఇంగ్లాండున వీని పెంపకందారులు సంఘముగా నేర్పడిరి.

పచ్చనిది నీలిది ఎట్లగును? చిలుక యీకలో పచ్చరంగు అను పదార్థము లేదు. ఈక లోపలి కట్టడి వెలుతురును విరిచి నీలమును పుట్టించును. దానిపై సిట్టకోఫుల్విన్ అను పసుపురంగు కలియుటచే కంటికి పచ్చ తోచును. పసుపు లోపించినచో నీలము మిగులును. నీలమునకు ఆధారమైన నల్లరంగు లోపించినచో పసుపు మిగులును. రెండును లోపించినచో తెలుపు. కనుక పెంపకందారుడు కొత్తరంగు నేదియు సృష్టింపలేదు, ఉన్నది తొలగించినాడు! 2017లో అమెరికా శాస్త్రజ్ఞులు బడ్జరిగారులో ఆ పసుపును తయారుచేయు జన్యువును గుర్తించి, అందలి ఒక్క చిన్న మార్పే నీలిపిట్టకు కారణమని నిరూపించిరి.

పెంచువారికి ఈ రహస్యము జత కూర్చుటలో ముందే తెలిసెను. నీలము మరుగున దాగు గుణము. నీలిపిట్టను అచ్చమైన పచ్చపిట్టతో జత చేసిన పిల్లలన్నియు పచ్చనివే; వీనిని మన పెంపకందారులును స్ప్లిట్ అనియే పిలుతురు. అట్టి రెండింటిని జత కూర్చినచో సగటున నాలుగింట ఒకటి నీలిది. జర్మనీలోని బ్రెమెన్ నగరమున హన్స్ డుంకర్ అను ఉపాధ్యాయుడు మెండెలు సూత్రములను ఈ పిట్టలకు అన్వయించి లెక్కలు తేల్చెను. నేడు మట్టికుండ కట్టి, కొర్రలు పోసి, పదునెనిమిది దినములు వేచియుండు పెంపకందారుడు అక్షరజ్ఞానము లేనివాడైనను ఆ లెక్కనే నోటితో చెప్పుచున్నాడు. పసుపుపిట్ట పుట్టినదో లేదో ఈకలు రాకమునుపే అతనికి తెలియును; పిల్ల కన్ను ఎర్రగా నుండును.

ఈ విద్యకు మూల్యమును కలదు. దాగిన గుణమును త్వరగా బయట పెట్టుటకు అన్నాచెల్లెండ్రను జత చేయుదురు. 1958 ప్రాంతమున అమెరికాలో వెలసిన పసుపు కాకటీలులో తురాయి వెనుక బట్టతల వంశపారంపర్యముగా నిలిచినది ఇట్టి తొందర వలననే. రంగు దక్కినది, పక్షి చెడినది.

ఇక మన రామచిలుక. ఇందును నీలి, పసుపు భేదములు అరుదుగా పుట్టుచుండెను. బెడ్‌ఫర్డ్ ప్రభువు వంటి ఆంగ్ల పక్షిప్రియులు రెండవ ప్రపంచ సంగ్రామమునకు పూర్వమే వీనిని ఆసక్తితో పెంచిరి. అయితే బడ్జరిగారునకు లేని రక్షణ రామచిలుకకు కలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, 2022 నాటి సవరణ తరువాత, దీనిని రెండవ షెడ్యూలులో చేర్చినది. పంజరమున నుంచుట నేరము. చట్టము పేర్కొన్నది జాతిని, రంగును గాదు. నీలిది గనుక విదేశీయమని అమ్మువాని మాట నమ్మి కొనుట తగదు. పోల్చుకొనుటయు కష్టము గాదు. పొడవైన తోక, పెద్ద మేను అట్లే యుండును. నీలి పోతుచిలుక మెడలోని గులాబి పట్టీ తెల్లబారును. ముక్కు మాత్రము ఎర్రగానే నిలుచును.