తుపాకి మందుకూ వయసుంటుంది

ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాను. 1984లో మొదలైన మా ఫ్యాక్టరీలో ‘శరత్’ యుద్ధవాహనాలు చేసేవాళ్లం, మందు కాదు. అయినా మందు చరిత్ర అంటే నాకు ప్రాణం.

నిజాం కొలువులో ఉండి 1798లో కన్నుమూసిన ఫ్రెంచి సేనాని రేమాండ్, హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోయించాడు. వాటిలో కూరింది సూరేకారం, గంధకం, బొగ్గు కలిపిన నల్లటి మందు. కాలిస్తే పొగ కమ్మేసేది. కానీ తడి తగలకపోతే ఏళ్ల తరబడి చెడేది కాదు.

1889లో ఇంగ్లండులో కార్డైట్ అనే కొత్తరకం మందు పుట్టింది. నీలగిరుల్లోని అరువంకాడులో దానికోసమే కార్ఖానా పెట్టారు. పొగ తగ్గింది, జోరు పెరిగింది. అయితే ఈ కొత్తరకం మందులకు ముసలితనం ఉంది. లోపలి నైట్రోసెల్యులోజ్ మెల్లగా విరుగుతూ ఆమ్లపు ఆవిరి వదులుతుంది. దాన్ని అదుపులో పెట్టడానికి కలిపే డైఫినైలమిన్ లాంటి పదార్థం కూడా ఏనాటికో అయిపోతుంది. అప్పుడు మూత తీస్తే ముక్కు మండే ఘాటు, ఇటుకరంగు పొడి, డబ్బా లోపల తుప్పు. కుప్పగా ఉంటే దానంతటదే వేడెక్కి అంటుకోనూవచ్చు.

తయారీ ఆగిపోయిన పాత మందుతో తూటాలు నింపాలనుకోవడం చాలా ప్రమాదం. తాతల పెట్టెలో అలాంటి డబ్బా కనిపిస్తే కదపకండి, వెంటనే పోలీసులకు చెప్పండి.